హాలు దాటని సిగ్నల్

ఇంటికి వేగం కొంటున్నాం, గదికి మాత్రం చేరడం లేదు. గోడల లెక్క తెలిస్తే ఖర్చూ తగ్గుతుంది, ఇంట్లో తగువూ తగ్గుతుంది

గుంటూరు బ్రాడీపేటలో మా అమ్మానాన్నల ఇల్లు 1986లో కట్టింది. ముందు వరండా, తర్వాత హాలు, దాని వెనక పడకగది, భోజనాల గది, వంటిల్లు, పెరడు. రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి. ఆ తర్వాతెప్పుడో మేడ మీద వెనక వైపు ఒక గది వేశారు. మా అక్క కూతురు ఇంజనీరింగ్ చదువు కోసం వచ్చి నాలుగేళ్లుగా ఆ గదిలోనే ఉంటోంది.

మొన్న వేసవిలో ఆ అమ్మాయి ఓ ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో పరీక్ష రాసింది. మొదటి రౌండు గట్టెక్కింది. రెండో రౌండు 90 నిమిషాలు. కెమెరా ఆన్‌లో ఉండాలి. గదిలో మరో మనిషి ఉండకూడదు. తలుపు వేసి ఉండాలి. నలభయ్యో నిమిషంలో తెర మీద చక్రం తిరగడం మొదలైంది. తిరుగుతూనే ఉంది. మళ్లీ కనెక్షన్ వచ్చేసరికి పరీక్ష ముగిసిందన్న సందేశం కనిపించింది. రెండో అవకాశం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో జరిగింది నాకు ఫోన్‌లో అందిన కథనమే. హాల్లో కూర్చుని రాసి ఉంటే సరిపోయేదని నాన్న తీర్పు చెప్పారు. అక్కడ సిగ్నల్ దివ్యంగా వస్తుంది కదా అని ఆయన వాదన. "హాల్లో మీ టీవీ, మీ స్నేహితులు, మీ కాఫీలు. పిల్ల అక్కడెలా రాస్తుందండీ?" అని అమ్మ అడిగింది. నాన్న నెట్ కంపెనీకి ఫోన్ చేశారు. అవతలి కుర్రాడు క్షణం ఆలోచించకుండా ప్లాన్ పెంచుకోమన్నాడు. 100 ఎంబీపీఎస్ నుంచి 300కు. నాన్న డబ్బు కట్టేశారు. హాల్లో వేగం మూడింతలైంది. మేడ మీద గదిలో చక్రం తిరుగుతూనే ఉంది.

ఇది మా ఇంటి కథే కాదు. 2020లో లాక్‌డౌన్ వచ్చి బడులూ ఆఫీసులూ ఒక్కసారిగా ఇళ్లలోకి వచ్చినప్పుడు దేశమంతా చూసిన కథ. మెట్ల మీద కూర్చుని పాఠాలు విన్న పిల్లలు, బాల్కనీ నుంచి మీటింగులు నడిపిన ఉద్యోగులు మనందరికీ తెలుసు. ఆ రోజులు పోయాయి కానీ ఆ మెట్లు అక్కడే ఉన్నాయి.

ప్రభుత్వ లెక్కల్లోనూ ఈ గది కనిపించదు. 2004 నాటి బ్రాడ్‌బ్యాండ్ విధానం సెకనుకు 256 కిలోబిట్ల వేగం వస్తే అది బ్రాడ్‌బ్యాండే అంది. తర్వాత అది 512 అయింది. 2023 జనవరి నుంచి 2 మెగాబిట్లు కనీస వేగమైంది. ఈ లెక్కలన్నీ కంపెనీకీ మన ఇంటికీ మధ్య ఉన్న దారికి సంబంధించినవే. గుమ్మం దాటి లోపలికి వచ్చాక మిగిలిన 30 అడుగులు మన సొంత బాధ్యత. ఇబ్బంది మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

గోడ అడిగే పన్ను

సెలవుకు ఢిల్లీ నుంచి వెళ్లినప్పుడు ఫోన్ చేతిలో పట్టుకుని ఇల్లంతా తిరిగాను. వేగం కొలిచే ఉచిత యాప్‌లు బోలెడున్నాయి. హాల్లో 280 దాకా చూపించింది. పడకగదిలో 90. భోజనాల గదిలో 40. వంటింట్లో 12. మేడ మీద గదిలో 2, అదీ ఆగి ఆగి. నిజానికి ఒక వీడియో కాల్‌కు సెకనుకు రెండు మూడు మెగాబిట్లు చాలు. అంటే నాన్న ఏనాడూ వాడని 280 హాల్లో పడి ఉంది. పిల్లకు కావలసిన మూడు మాత్రం మెట్లెక్కడం లేదు. ప్లాన్ ఎంత పెంచినా మారని సంగతి ఇదే.

వైఫై అంటే రేడియో తరంగమే. రూటర్ నుంచి దూరమయ్యే కొద్దీ బలం తగ్గుతుంది. దూరం రెట్టింపైతే బలం నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది ఆరుబయట లెక్క. ఇంట్లో దీనికి తోడు ప్రతి గోడా తన పన్ను వసూలు చేసుకుంటుంది. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ కొంత తీసుకుంటుంది. తొమ్మిదంగుళాల గోడ ఇంకా ఎక్కువ. ఇనుము, సిమెంటు కలిసిన స్లాబు మరీ ఎక్కువ. తరంగం గోడను ఏటవాలుగా దాటాల్సి వస్తే గోడ మందం పెరిగినట్టే లెక్క. ఇనుప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం తరంగాన్ని వెనక్కి తిప్పికొడతాయి. నీళ్ల ట్యాంకు మింగేస్తుంది. మా ఇంట్లో హాలు నుంచి మేడ గదికి గీత గీస్తే రెండు గోడలు, ఒక స్లాబు, దారిలో అమ్మ బీరువా. పైగా అన్నీ ఏటవాలే.

రూటర్లు సాధారణంగా రెండు బ్యాండ్లలో పనిచేస్తాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ నెమ్మది, కానీ గోడలను కాస్త మెరుగ్గా దాటుతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, కానీ గోడ తగిలితే త్వరగా నీరసిస్తుంది. అందుకే హాల్లో కళ్లు చెదిరే అంకె కనిపించి, రెండు గదుల అవతల అదే రూటర్ చేతులెత్తేస్తుంది.

ఇక పెట్టె మీద రాసే చదరపు అడుగుల లెక్క. డల్లాస్‌లో ఉండే మా చెల్లెలి ఇంట్లో రెండంతస్తులకు ఒక్క రూటర్ సరిపోతోంది. అక్కడి ఇంటి లోపలి గోడలు చెక్క చట్రానికి బిగించిన పలకలే. మనవి ఇటుకా సిమెంటూ. ఆ ఇంటికి సరిపడ్డ పెట్టె మన ఇంట్లో మూడో గదికే అలసిపోతుంది. 'ఎనిమిది యాంటెనాల రూటర్' అన్న ప్రచారానికీ ఓ హద్దు ఉంది. సంభాషణ రెండు వైపులా జరగాలి. రూటర్ ఎంత గట్టిగా అరిచినా ఫోన్ గొంతు చిన్నది. దాని జవాబు రూటర్ దాకా వెనక్కి చేరకపోతే తెర మీద నాలుగు గీతలు కనిపిస్తాయి, పని మాత్రం జరగదు.

రూటర్ ఎవరి పక్కన?

మా రూటర్ హాల్లో టీవీ పక్కన, కిటికీకి ఆనుకుని ఉండేది. ఎందుకు అక్కడే? కనెక్షన్ ఇచ్చిన కుర్రాడికి వీధి స్తంభం నుంచి తీగ లాగడానికి అదే దగ్గర. పావుగంటలో పనైపోతుంది. నాన్నకూ కంటి ముందు ఉంటుంది. ఇంటి మొత్తానికి ఎక్కడ పెడితే బాగుంటుందని ఆ రోజు ఎవరూ అడగలేదు. ఫలితంగా మేము కొన్న సిగ్నల్‌లో సగం బ్రాడీపేట వీధికి పంచిపెడుతున్నాం.

అమెరికన్ రాజనీతి శాస్త్రవేత్త హెరాల్డ్ లాస్‌వెల్ 1936లో రాజకీయాల మీద రాసిన పుస్తకానికి ఉపశీర్షికగా ఓ ప్రశ్న పెట్టారు. ఎవరికి ఏది, ఎప్పుడు, ఎలా దక్కుతుంది అని. యూనివర్సిటీలో దాన్ని పార్లమెంటుకూ పంచాయతీలకూ అన్వయించి పరీక్షలు రాశాం. ఇంట్లో రూటర్ పెట్టిన చోటికి ఎన్నడూ అన్వయించలేదు. మన ఇళ్లలో హాలు మగవాళ్లది, వచ్చేపోయే వాళ్లది. వంటిల్లు, వెనక గది, మేడ గది ఆడవాళ్లవీ పిల్లలవీ. సిగ్నల్ కూడా అదే వరసలో పలచబడుతూ పోతుంది. ఎవరూ కావాలని చేసింది కాదు. అలవాటుగా జరిగిపోయింది.

కాబట్టి మొదటి వైద్యం ఉచితం. రూటర్‌ను ఇంటి మధ్యకు తేవాలి. నేల మీద కాకుండా మనిషి తల ఎత్తులో పెట్టాలి. టీవీ వెనకా, బీరువా మీదా, చెక్క అలమరలోనూ దాచకూడదు. నిలువుగా ఉన్న యాంటెనా తరంగాన్ని పక్కలకే ఎక్కువ పంపుతుంది, పైకీ కిందికీ తక్కువ. మేడ మీదకు అందాలంటే ఒక యాంటెనాను అడ్డంగా వాల్చి చూడొచ్చు. మా ఇంట్లో పెట్టె వెనక చుట్టగా వదిలేసిన ఫైబర్ తీగ కలిసొచ్చింది. లైన్‌మన్‌ను పిలిచి పడకగదికీ భోజనాల గదికీ మధ్య గోడ మీదకు మార్పించాం. ఈ పని సొంతంగా చేయకండి. ఫైబర్ లోపల ఉండేది గాజుపోగు. మడతపెడితే తెగుతుంది.

మర్నాడు పొద్దున అమ్మ వంటింట్లో పోపు వేస్తూ డల్లాస్‌తో మాట్లాడింది. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. మేడ గదిలో వేగం 2 నుంచి 6కు చేరింది. ఆగి ఆగి రావడం మాత్రం ఆగలేదు.

చెవిలో చెప్పుకునే ఆట

రెండో వైద్యం రిపీటర్. ప్లగ్గులో నేరుగా గుచ్చే చిన్న పెట్టె. దీన్ని నాన్న ముందే కొన్నారు. అందరూ చేసే పొరపాటే ఆయనా చేశారు. సిగ్నల్ రాని మేడ గదిలోనే పెట్టారు. ఫోన్‌లో గీతలు నిండుగా వచ్చాయి. నెట్ రాలేదు. రిపీటర్ తనకు వినిపించిన మాటనే మళ్లీ చెబుతుంది. తనకే వినిపించని మాటను ఎలా చెబుతుంది? దాన్ని పెట్టాల్సింది సిగ్నల్ చచ్చిపోయిన చోట కాదు, ఇంకా బతికున్న చోట. రూటర్‌కూ ఆ గదికీ సుమారు మధ్యలో. మా ఇంట్లో ఆ మధ్య అంటే మెట్ల మలుపు. అక్కడ ప్లగ్ పాయింటే లేదు.

సరైన చోట పెట్టినా రిపీటర్‌కు ఓ లోటు ఉంది. ఒకే బ్యాండ్ మీద పనిచేసే రకమైతే అది వినడం, చెప్పడం ఏకకాలంలో చేయలేదు. వంతులవారీగా చేస్తుంది. దాంతో వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పిల్లలు వరసగా కూర్చుని చెవిలో మాట చెప్పుకునే ఆట లాంటిది. ఒకదాని వెనక ఇంకొకటి రెండు రిపీటర్లు పెడితే ఆఖరి పిల్లాడికి ఏం చేరుతుందో ఊహించుకోవచ్చు. ఒక చిన్న గదిలో ఫోన్ చూసుకోవడానికైతే ఇది పనికొస్తుంది. 90 నిమిషాల పరీక్షకు దీన్ని నమ్మలేం.

మూడో రకం మెష్. ఒకే జాతి పెట్టెలు రెండో మూడో ఇంట్లో అక్కడక్కడ పెడతారు. అవి తమలో తాము మాట్లాడుకుని ఒకే నెట్‌వర్క్‌గా కనిపిస్తాయి. ఖరీదైన రకాల్లో పెట్టెల మధ్య మాటలకు ప్రత్యేకంగా ఒక బ్యాండ్ కేటాయిస్తారు కాబట్టి రిపీటర్ లాగా వేగం సగం కాదు. అమర్చడం తేలిక. గోడలకు సుత్తి తగిలించే వీల్లేని అద్దె ఇళ్లకు ఇదే మేలు. కానీ మెష్ పెట్టెల మధ్య కూడా గోడలే ఉన్నాయని మరవకూడదు. వాటిని కూడా సిగ్నల్ బతికున్న చోటే పెట్టాలి. వీలైతే వాటి మధ్య ఒక తీగ లాగితే ఇంకా మంచిది. మెష్ అమ్మే కంపెనీలు కూడా తమ సూచనల పుస్తకాల్లో ఈ మాటే రాస్తాయి. మనమే చదవం.

కరెంటు వైర్ల గుండానే నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్లూ ఉన్నాయి. పాత వైరింగ్, రెండు మూడు ఫేజులు, మధ్యలో ఇన్వర్టర్ ఉన్న మన ఇళ్లలో వాటి పనితీరు జాతకం లాంటిది. కొంటే వాపసు తీసుకునే షాపులోనే కొనండి.

తీగే దిక్కు

చివరికి మేం చేసింది పాత పద్ధతి. తీగ లాగాం. వైర్‌లెస్ ఇబ్బందికి వైరు మందు అంటే వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. కానీ ఆఫీసులు, హోటళ్లు, ఆసుపత్రులు అన్నీ చేసేది ఇదే. నెట్‌ను తీగ మీద గది దాకా తెచ్చి, ఆ గదిలో ఒక యాక్సెస్ పాయింట్ పెడతారు. అక్కణ్నుంచి ఫోన్ దాకా ఉన్న పదడుగులే గాలిలో వెళుతుంది. మధ్యలో గోడ లేదు, పన్ను లేదు.

తీగ పేరు క్యాట్ 6. పాత క్యాట్ 5ఈ అయినా ఇంటి అవసరాలకు చాలు. 100 మీటర్ల వరకూ ఢోకా లేదు. మాకు పట్టింది 25 మీటర్లు. డిష్ యాంటెనా కోసం ఎప్పుడో గోడ పక్కన వేసిన పైపు మేడ మీద దాకా ఉంది. ఎలక్ట్రీషియన్ అందులోంచే తీగ ఎక్కించాడు. రెండు గంటల పని. గోడలు పగలగొట్టే అవసరం రాలేదు. ఈ పనిలో నాలుగు జాగ్రత్తలున్నాయి. తీగ అసలు రాగిదా, రాగి పూత పూసిన అల్యూమినియందా అని షాపులో అడగండి. రెండోది చవక, తర్వాత ఏడిపిస్తుంది. బయట ఎండ తగిలే చోట పైపు లేకుండా వదలొద్దు. ఎండతో పాటు ఉడతలకూ దాని మీద కన్నుంటుంది. కరెంటు తీగలు వెళ్లే పైపులో దీన్ని కలపకండి. మేడ మీదుగా వెళ్లే తీగ కాబట్టి ఉరుములు మెరుపులు మొదలయ్యే సూచనలు కనిపిస్తే ముందే రెండు వైపులా ప్లగ్గులు ఊడదీయండి.

యాక్సెస్ పాయింట్ కొత్తది కొనక్కర్లేదు. పాత కనెక్షన్ తాలూకు రూటర్ చాలా ఇళ్లలో అటక మీద ఉంటుంది. దాన్నే వాడొచ్చు. కొన్నిటికి 'యాక్సెస్ పాయింట్ మోడ్' అని మీట ఉంటుంది. లేకపోతే మూడు మార్పులు చేయాలి. ఒకటి, దాని చిరునామా మార్చాలి. అసలు రూటర్ 192.168.1.1 అయితే దీనికి అదే వరసలో ఎవరికీ కేటాయించని నంబరు, ఉదాహరణకు 192.168.1.2 ఇవ్వాలి. రెండు, దాని డీహెచ్‌సీపీ ఆపేయాలి. ఇంట్లోకి వచ్చే ప్రతి ఫోన్‌కూ ఒక నంబరు ఇచ్చే గుమాస్తా అది. ఒక ఇంట్లో ఇద్దరు గుమాస్తాలుంటే నంబర్లు కలగాపులగమై అందరికీ నెట్ పోతుంది. మూడు, తీగను 'వాన్' అని రాసిన రంధ్రంలో కాకుండా 'లాన్' అని ఉన్నదాంట్లో గుచ్చాలి. ఇవి చేయకుండా రూటర్ వెనక రూటర్ పెడితే నెట్ వస్తుంది కానీ మేడ మీద ఫోన్‌కు కింద ఉన్న ప్రింటరూ టీవీ కనిపించవు.

పాత రూటర్‌తో ఒక చిక్కుంది. చాలావాటి తీగ రంధ్రాలు 100 మెగాబిట్ల దగ్గరే ఆగిపోతాయి. 300 ప్లాన్ తీసుకున్నా పైన 95 దాటదు. మాకు అది సమస్యే కాదు. నాన్న చేత ప్లాన్‌ను తిరిగి 100కు దించేయించాను. తీగ, ఎలక్ట్రీషియన్ కూలీ ఆ మిగులులోంచి కొద్ది నెలల్లోనే తిరిగొచ్చేస్తాయి.

రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టండి. చానళ్లు మాత్రం వేరుగా ఉండాలి. అప్పుడు మెట్లెక్కుతుంటే ఫోన్ కింది పెట్టెను వదిలి పైదాన్ని పట్టుకుంటుంది. పట్టుకోవాలి అనడం సబబు. ఎప్పుడు మారాలో నిర్ణయించేది రూటర్ కాదు, ఫోన్. కొన్ని ఫోన్లు మొండివి. చచ్చుబడిన పాత సిగ్నల్‌నే పట్టుకుని వేలాడతాయి. రెండు పెట్టెల బలాన్నీ సెట్టింగుల్లో కాస్త తగ్గిస్తే ఈ మొండితనం తగ్గుతుంది. బలం తగ్గిస్తే పని మెరుగుపడటం వింతగా ఉన్నా నిజం.

ఇక కరెంటు. కింద పెట్టె ఇన్వర్టర్ మీదుండి పైది లేకపోతే, కరెంటు పోగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. రెండింటికీ ఇన్వర్టర్ పాయింటు ఇవ్వండి. లేదంటే రూటర్ల కోసమే అమ్మే చిన్న బ్యాటరీ పెట్టెలున్నాయి.

అపార్ట్‌మెంటు వేరే లోకం

కూకట్‌పల్లి, మియాపూర్ ఫ్లాట్లలో ఉండేవారికి బాధ మరో రకం. వాళ్లకు సిగ్నల్ తక్కువై కాదు, ఎక్కువై ఇబ్బంది. ఫోన్‌లో వైఫై జాబితా తెరిస్తే పాతిక ముప్పై పేర్లు. అందరి రూటర్లూ ఒకే గాలిలో మాట్లాడుతున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు మూడే. 1, 6, 11. ఇక్కడ బలమైన రూటర్ కొనడం పెళ్లి పందిట్లో గొంతు పెంచడం లాంటిది. పక్కవాడూ పెంచుతాడు. రద్దీ తక్కువున్న చానల్‌కు మారడం, దగ్గర్లోని పరికరాలను 5 గిగాహెర్ట్జ్ మీదకు తరలించడం మేలు.

ఈ గాలిని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం చెప్పి ఎంతో కాలం కాలేదు. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కు మినహాయింపు వచ్చింది 2005 జనవరిలో. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్ మేర దారి విశాలమైంది. అమెరికా 2020 ఏప్రిల్‌లో 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను కూడా తెరిచింది. మన దేశం అందులో దిగువ భాగాన్ని ఇళ్లకు వదిలే ముసాయిదా నియమాలను 2025 మేలో ప్రచురించింది.

అమెరికా నుంచి అల్లుడు తెచ్చిన రూటర్‌ను ముచ్చటగా గోడకు తగిలించుకునే వారికి ఇక్కడో మాట. దాని అడాప్టర్ మీద 100-240 వోల్టులు అని ఉందో లేదో ముందు చూడండి. 120 మాత్రమే అని ఉంటే మన 230 వోల్టులకు అది మొదటి నిమిషంలోనే కాలిపోతుంది. సెట్టింగుల్లో దేశం మార్చే వీలుందో లేదో చూడండి. అక్కడి చానళ్లన్నీ ఇక్కడివి కావు. వాటిలో కొన్నిటిని ఇక్కడి ఫోన్లు గుర్తించవు కూడా.

సిగ్నల్ పెంచడమంటే వీధిలోకీ పెంచడమే. 2008 జులై 26న అహ్మదాబాద్ పేలుళ్లకు నిమిషాల ముందు మీడియా సంస్థలకు వెళ్లిన ఈమెయిల్ ఎక్కడినుంచి వచ్చిందని వెతికితే నవీ ముంబైలోని ఓ అమెరికన్ ఇల్లు తేలింది. ఆయన వైఫైకి తాళం లేదు. బయటివాళ్లెవరో దాన్ని వాడుకున్నారు. జవాబు చెప్పుకోవలసి వచ్చింది మాత్రం ఆయనే. 2009లో టెలికాం శాఖ వైఫై భద్రత మీద కంపెనీలకు ఆదేశాలిచ్చింది ఈ నేపథ్యంలోనే. అటక మీంచి దించిన పాత రూటర్‌లో పాస్‌వర్డ్ ఇప్పటికీ ఫ్యాక్టరీ పెట్టిందే అయ్యుండొచ్చు. ముందు దాన్ని మార్చండి. భద్రత రకం డబ్ల్యూపీఏ2 కంటే తక్కువుంటే ఆ పెట్టెను అటక మీదికే పంపండి.

కొత్తగా ఇల్లు కట్టుకునేవారు ఒక్క పని చేస్తే ఇదంతా తప్పుతుంది. కరెంటు పైపులు వేసేటప్పుడే ప్రతి గదికీ, ముఖ్యంగా పై అంతస్తుకు, విడిగా ఒక ఖాళీ పైపు వేయించండి. మేస్త్రీ ఎందుకండీ అంటాడు. వేయమనండి. సంఖ్య చూసుకుంటే అది టైల్స్ ఖర్చులో లెక్కకు రాదు. డిజిటల్ కనెక్టివిటీని బట్టి భవనాలకు రేటింగ్ ఇచ్చే నిబంధనలను ట్రాయ్ 2024 అక్టోబరులో తెచ్చింది. నీళ్లు, కరెంటు, లిఫ్టు అడిగినట్టే ఫ్లాట్ కొనేటప్పుడు ఇదీ అడిగే రోజులొచ్చాయి. బిల్డర్ అన్ని గదులకూ తీగ లాగాడా, లేక హాల్లో టీవీ దగ్గర ఒక్క పాయింటుతో సరిపెట్టాడా అన్నది అడగవలసిన మొదటి ప్రశ్న.

మా ఇంట్లో చిన్న మార్పు గమనించాను. సాయంత్రాలు నాన్న ఫోన్ తీసుకుని మేడ మీదకు వెళుతున్నారు. గాలి బాగుంటుందట. గది తలుపు కొట్టకుండా వరండాలోనే కూర్చుంటారు. అక్కడా సిగ్నల్ దివ్యంగానే ఉంది.

మేనకోడలు మొన్న మరో కంపెనీ పరీక్ష రాసింది. తలుపు గడియ వేసుకుని, 90 నిమిషాలూ పూర్తిగా. కనెక్షన్ ఒక్కసారి కూడా పోలేదు. ఉద్యోగం రాలేదు. మార్కులు చాలలేదన్నారు. ఓదారుద్దామని ఫోన్ చేశాను. "ఈసారి రూటర్ తప్పేం లేదు మావయ్యా, లెక్కలు నేనే సరిగ్గా చేయలేదు. వచ్చే నెల ఇంకోటుంది" అంది. గొంతులో దిగులు లేదు.